ఐడీ చేరుతోంది, పొడవు మాత్రం సున్నా!

ప్రశ్న: వాహనాల క్యాన్ బస్‌ను (వాహనంలోని భాగాలు సందేశాలు పంపుకునే తీగల వ్యవస్థ) ల్యాప్‌టాప్‌కు కలిపే యూఎస్‌బీ అడాప్టర్ తయారు చేసి, దానికి లినక్స్ డ్రైవర్ రాస్తున్నాను. స్ట్రక్చర్‌లో వరుసగా సందేశం ఐడీకి అన్‌సైన్డ్ లాంగ్, డేటా పొడవుకు ఒక బైటు, డేటాకు 8 బైట్లు పెట్టాను. అడాప్టర్‌లోని 32 బిట్ మైక్రోకంట్రోలర్‌కూ అదే హెడర్ వాడాను. ఐడీ సరిగ్గా చేరుతోంది, పొడవు మాత్రం ఎప్పుడూ సున్నా. కారణం ఏమిటి?

జవాబు: దోషం ఆ లాంగ్‌దే. అది 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, మీ మైక్రోకంట్రోలర్‌లో 4 బైట్లు. అమరిక కోసం కంపైలర్ చేర్చే ఖాళీ బైట్లు కూడా కలిపితే మీ స్ట్రక్చర్ ల్యాప్‌టాప్‌లో 24 బైట్లు, అడాప్టర్‌లో 16. అడాప్టర్ తొలి 4 బైట్లను ఐడీగా తీసుకుని, అయిదోదాన్ని పొడవు అనుకుంటుంది. నిజానికి అక్కడున్నది ఐడీ పై సగం, అంటే సున్నాలు. అడాప్టర్ డేటాగా చదివిన 8 బైట్లలో నాలుగోది చూడండి, మీరు పంపిన అసలు పొడవు అక్కడ దొరుకుతుంది.

లినక్స్‌లో 2008 నుంచి ఉన్న క్యాన్ వ్యవస్థ సాకెట్‌క్యాన్ ఈ చిక్కు రానివ్వదు. అందులో ఐడీ కచ్చితంగా 32 బిట్లు: 29 బిట్లు ఐడీకి, పై 3 బిట్లు గుర్తులకు (ఫ్లాగ్‌లకు). ఆ పై బిట్ల వల్లే సైన్డ్ ఇంట్ కూడా ఇక్కడ పనికిరాదు. పై బిట్ 1 అయితే విలువ రుణసంఖ్య అవుతుంది, కుడికి జరిపితే ఐడీ పాడవుతుంది.

మీరు ఐడీని ముందు రెండు అండర్‌స్కోర్లున్న ఎల్ఈ32గా ప్రకటించండి. అది లిటిల్ ఎండియన్ (చిన్న విలువ బైటు ముందు వచ్చే) 32 బిట్ల రకం. ప్రాసెసర్ బైట్ల వరుస నుంచి ఈ వరుసకు మార్చడం మరచిపోతే, కెర్నెల్ కోడ్‌లో తప్పులు వెదికే స్పార్స్ ప్రోగ్రాం హెచ్చరిస్తుంది. పొడవుకు, డేటాకు యు8 (8 బిట్ల అన్‌సైన్డ్ రకం) చాలు. చివర 3 బైట్ల ఖాళీని కంపైలర్‌కు వదలకుండా మీరే పేరు పెట్టి రాసి, సున్నాలతో నింపండి. లేకుంటే కెర్నెల్ జ్ఞాపకంలోని పాత విలువలు పరికరానికి జారిపోవచ్చు. ఇలా చేస్తే అమరిక మైక్రోకంట్రోలర్ ఇప్పుడు చదువుతున్నదే అవుతుంది, దాని ప్రోగ్రాం మార్చనక్కర్లేదు. బిట్‌ఫీల్డులు మాత్రం వద్దు, వాటి వరుస కంపైలర్‌ను బట్టి మారుతుంది.

లూపుల లెక్కకు ఇంట్ నిశ్చింతగా వాడండి. కచ్చితమైన కొలత కావలసింది డ్రైవర్ గడప దాటే డేటాకే. యూజర్ ప్రోగ్రాములకు ఇచ్చే హెడర్‌లోనైతే ముందు రెండు అండర్‌స్కోర్లున్న యు32 రాయాలి. స్ట్రక్చర్ కిందే స్టాటిక్ అసర్ట్‌తో సైజు 16 అని పెట్టండి, ఎవరైనా మళ్లీ లాంగ్ చేరిస్తే కంపైల్ అక్కడే ఆగిపోతుంది.