జాన్సన్ గురించి రాసేముందు

అల్లుడూ,

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. అమెరికా నల్లజాతి బాక్సర్ జాక్ జాన్సన్ మీద రాయాలనుకోవడం బాగుంది. కానీ 1910 జులై 4న అమెరికాలోని రీనోలో తెల్లజాతి బాక్సర్ జిమ్ జెఫ్రీస్‌ని మట్టికరిపించడంతో ఎత్తుకున్నావు. అంతకుముందు తలుపులు ఎలా మూసుకున్నారో చెప్పకపోతే ఆ గెలుపుకి బరువేముంటుంది? హెవీవెయిట్ ఛాంపియన్‌గా ఉన్నన్నాళ్లూ జెఫ్రీస్ ఒక్క నల్లజాతి బాక్సర్‌కీ టైటిల్ పోటీ ఇవ్వలేదు. కొన్నాళ్లకి ఛాంపియనైన టామీ బర్న్స్ వెంటపడి వెంటపడి, జాన్సన్ 1908 డిసెంబర్ 26న సిడ్నీలో పట్టుకున్నాడు. డబ్బు లెక్క తప్పకుండా రాయి: బర్న్స్‌కి 30 వేల డాలర్లు, జాన్సన్‌కి 5 వేలు. 14వ రౌండులో పోలీసులు పోటీ ఆపించారు, కెమెరానీ ఆపించారు. నేనైతే ఆగిపోయిన ఆ కెమెరాతోనే మొదలుపెడతాను.

రీనో ఫిల్ము మాత్రం దొరుకుతుంది. నాలుగైదుసార్లు చూడు. 45 రౌండ్లనుకున్నది 15లోనే అయిపోయింది. రింగులో ఎప్పుడూ కిందపడని జెఫ్రీస్ తాళ్లకి చిక్కుకుంటే సొంతమనుషులే లేపి లోపలికి నెట్టారు. నువ్వు దెబ్బలు లెక్కపెట్టావు, జాన్సన్ నోరు చూడు. జెఫ్రీస్ మూల నుంచి మాజీ ఛాంపియన్ కార్బెట్ రంగు ఎత్తి తిడుతుంటే, ఇతను నవ్వుతూ మాటకి మాట అప్పజెప్పాడు. ఆ నవ్వే చాలామందికి మింగుడుపడలేదు. ఆ రాత్రి ఎన్నో ఊళ్లలో అల్లర్లు జరిగాయి. చనిపోయినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతివాళ్లే. ఈ మాట పొడిగా రాయి, విశేషణాలొద్దు.

'నల్ల చిరుత' అన్న నీ హెడ్డింగ్ తీసెయ్. స్పోర్ట్స్ డెస్కులో కొత్తల్లో ఒక వెస్టిండీస్ బౌలర్ని నేనూ 'నల్ల తుఫాను' అన్నాను. పైగా మురిసిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

అతన్ని దేవుణ్ని కూడా చేయకు. ఛాంపియనయ్యాక శామ్ లాంగ్‌ఫర్డ్‌కి అతనూ టైటిల్ పోటీ ఇవ్వలేదు. లాంగ్‌ఫర్డ్ కూడా నల్లజాతివాడే! అలాగని 1913లో అందరూ తెల్లవాళ్లే ఉన్న జ్యూరీ అతన్ని మాన్ చట్టం (అనైతిక పనులకి ఆడవాళ్లని రాష్ట్రాలు దాటించకూడదనే చట్టం) కింద దోషిగా తేల్చిన సంగతిని 'వివాదాస్పద జీవితం' అని తేల్చేస్తే ఎలా? క్షమాభిక్ష వచ్చేసరికి 2018 అయింది, మనిషి పోయి 72 ఏళ్లు.

తిరగరాసి శుక్రవారంలోపు పంపు. ఆ తర్వాత మీ అత్తయ్యతో తిరుపతి ప్రయాణం, కళ్లజోడు కూడా తీసుకెళ్లనివ్వదు.

మామయ్య