చిన్నూకి, ఆ ఐదో రౌండ్ కుర్రాణ్ణి ఎలా చూడాలో

చిన్నూ,

నువ్వు రాసి పంపిన రిపోర్ట్ చదివాను. అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో కార్నర్‌ని, అంటే పాస్ అందుకునే రిసీవర్‌కి కాపలా కాసేవాణ్ణి, బాగానే ఎంచుకున్నావు. చిన్న కాలేజీ, డ్రాఫ్ట్‌లో (టీమ్‌లు వంతులవారీగా కాలేజీ కుర్రాళ్ళని ఎంచుకునే చోట) ఐదో రౌండ్, రెండో ఏడు కూడా ఎక్కువగా బెంచీ మీదే, టీవీలో అతని పేరు వినపడేది ఎవరైనా అతని మీద టచ్‌డౌన్ కొట్టినప్పుడే (బంతిని ఆఖరి గీత దాటించి పాయింట్లు తెచ్చుకున్నప్పుడే). అలాంటివాడిలో సత్తా ఉందో లేదో తేల్చాలని నీకు అనిపించడం నాకు చాలా నచ్చింది. ఫ్రిస్కోలో మనవాళ్ళు ఇంతమంది ఉన్నారు, డల్లాస్ కౌబాయ్స్ టీమ్ ప్రాక్టీస్ చేసే చోటు మా ఇంటికి దగ్గరే, అయినా ఎవర్ని కదిలించినా పాస్‌లు వేసే క్వార్టర్‌బ్యాక్ గురించే మాట్లాడతారు, కార్నర్ గురించి అడిగినవాడివి నువ్వొక్కడివే. ఫోన్లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకని తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ముందు మొదటి పేజీ తీసెయ్. రిచర్డ్ షెర్మన్ ఐదో రౌండే, జాష్ నార్మన్ ఐదో రౌండే, తారిక్ వూలెన్, డరాన్ బ్లాండ్ కూడా ఐదో రౌండే, కాబట్టి మనవాడూ ఎదుగుతాడు అని రాశావు. పేర్లన్నీ నిజమే. కానీ ఆ రౌండ్‌లో తీసుకున్న మిగతా కార్నర్లు ఏమయ్యారు? చాలామంది రెండు మూడేళ్ళలో లీగ్ వదిలి వెళ్ళిపోయారు, వాళ్ళ గురించి ఎవరూ రాయరు కాబట్టి మనకి కనపడరు. అసలు అడగాల్సింది అతను ఎందుకు అంత వెనక్కి పోయాడు అని. షెర్మన్ స్టాన్‌ఫర్డ్‌లో రిసీవర్‌గా మొదలుపెట్టి తర్వాత కార్నర్ అయ్యాడు, వూలెన్‌దీ అదే కథ, అంటే స్కౌట్లు చూసేటప్పటికి ఇద్దరూ ఇంకా పని నేర్చుకుంటూనే ఉన్నారు. బ్లాండ్ శాక్రమెంటో స్టేట్‌లో ఆడి ఆఖరి ఏడు ఫ్రెస్నో స్టేట్‌కి మారాడు, పెద్ద కాన్ఫరెన్స్‌ల వెలుగు అతని మీద పడలేదు. ఇలాంటి కారణాలు కాలం గడిస్తే వాటంతటవే పోతాయి. పొట్టి చేతులు, కాళ్ళలో వేగం లేకపోవడం లాంటివి పోవు, మహా అయితే ఆడే చోటు మారిస్తే కొంత కప్పుకోవచ్చు. క్రిస్ హారిస్ ఎత్తు 5 అడుగుల 10 అంగుళాలే, 2011లో అతన్ని ఎవరూ డ్రాఫ్ట్ చెయ్యలేదు, డెన్వర్ వాళ్ళు స్లాట్‌లో (అంచున కాకుండా లోపలి వైపు రిసీవర్‌ని కాసే చోట) పెట్టి ఆడిస్తే నాలుగుసార్లు ప్రో బౌల్‌కి, అంటే ఆ ఏటి మేటి ఆటగాళ్ళ జట్టుకి, వెళ్ళాడు. మనవాడిది కాలంతో పోయే కారణమా, పోనిదా? ముందు అది తేల్చు, మిగతాదంతా దాని మీదే నిలబడుతుంది.

టీవీలో వచ్చే మ్యాచ్ చూసి కార్నర్‌ని అంచనా వెయ్యకు. కెమెరా బంతి వెంట పోతుంది, స్నాప్ అయిన (బంతి వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టిన) కాసేపటికే కార్నర్ తెర మీద ఉండడు, బంతి అటు వచ్చినప్పుడే మళ్ళీ కనపడతాడు. ఇరవై ఇద్దరూ కనపడే ఆల్-22 ఫిల్మ్ ఉంటుంది, డబ్బు కట్టాల్సి వచ్చినా అదే చూడు. అందులో కూడా అతని వైపు పాస్ వెయ్యని ప్లేలే ఎక్కువ చూడు, నాకు తెలిసినంతలో కార్నర్ నిజంగా బయటపడేది అక్కడే. రిసీవర్‌కి తను ఎటు పరిగెత్తాలో ముందే తెలుసు, కార్నర్‌కి తెలీదు, వెనక్కి అడుగులేస్తూ ఊహించాలి, పైగా ఐదు గజాలు దాటాక చెయ్యి వేసి ఆపితే పెనాల్టీ. ఇన్ని ఇబ్బందుల మధ్య అతని కళ్ళు ఎక్కడున్నాయో చూడు. రిసీవర్ తలతోనూ భుజాలతోనూ మోసం చెయ్యగలడు గానీ నడుము ఎటు తిరిగితే అటే పోవాలి, అందుకే మంచి కార్నర్ నడుము మీద నుంచి చూపు తియ్యడు. రిసీవర్ మలుపు తీసుకున్న క్షణంలో మనవాడు ఎన్ని అడుగులు వృథా చేశాడో ప్లేని ఆపి ఆపి లెక్కపెట్టు. ఒక్క అడుగుతో తిరిగి వెంటపడితే బాగుంది. ముందు నిటారుగా లేచి, తర్వాత కాలు వెనక్కి వేసి, అప్పుడు తిరిగితే ఈ లీగ్‌లో రెండు గజాలు పోయినట్టే. అలాగే బంతి గాల్లో ఉండగా ఎప్పుడు వెనక్కి తిరిగి చూస్తున్నాడో రాసుకో. రిసీవర్ పక్కనే అంటుకుని ఉంటే తల తిప్పి బంతిని వెతకొచ్చు, వెనకబడి ఉంటే మాత్రం తల తిప్పకుండా అతని చేతులు చూసి, అవి లేచినప్పుడు మధ్యలో తన చెయ్యి పెట్టాలి. కంగారుపడే కుర్రాళ్ళు దీన్ని తిరగేసి చేస్తారు, పాస్ ఇంటర్‌ఫియరెన్స్ (బంతి అందుకోనివ్వకుండా రిసీవర్‌ని అడ్డుకున్న తప్పు) అక్కడే పడుతుంది, తప్పు జరిగిన చోటికే బంతి వెళ్ళిపోతుంది కాబట్టి ఒక్కోసారి నలభై గజాలు పోతాయి.

నువ్వు రిపోర్ట్‌లో అతను ఇచ్చిన రెండు టచ్‌డౌన్ల గురించి అంత టెన్షన్ పడక్కర్లేదు. కొత్త కార్నర్ కనపడితే ప్రతి క్వార్టర్‌బ్యాకూ అటే వేస్తాడు, దెబ్బలు తగులుతాయి. దెబ్బ తగిలిన తర్వాత ప్లే ఎలా ఆడాడో చూడు. దీనికి పేట్రియట్స్ కార్నర్ మాల్కమ్ బట్లర్ సియాటిల్ మీద ఆడిన సూపర్ బౌల్ (లీగ్ ఫైనల్) ఫిల్మ్ తప్పకుండా చూడు, 2015 ఫిబ్రవరి 1, అరిజోనాలో. అందరూ ఆఖరి ఇంటర్‌సెప్షన్ (ఎదుటివాళ్ళ పాస్‌ని మధ్యలో పట్టేయడం) ఒక్కటే చూస్తారు, నువ్వు దానికి రెండు ప్లేల ముందు నుంచి మొదలుపెట్టు. బట్లర్ వెస్ట్ అలబామా నుంచి వచ్చినవాడు, డ్రాఫ్ట్ కాలేదు, పేట్రియట్స్ ట్రైఅవుట్‌కి పిలిచి తర్వాత ఉంచుకున్నారు. ఆట చివర్లో సియాటిల్ రిసీవర్ జర్మైన్ కెర్స్‌కి పొడుగు పాస్ వేస్తే బట్లర్ ఎగిరి చెయ్యి తగిలించాడు కూడా, అయినా ఆ బంతి కింద పడి ఉన్న కెర్స్ ఒంటికి తగులుతూ ఎగిరి చివరికి అతని చేతుల్లోనే ఆగింది. బట్లర్ లేచి వచ్చి కెర్స్‌ని గీత బయటికి నెట్టాడు, లేకపోతే అది అప్పుడే టచ్‌డౌన్ అయ్యేది. 33 గజాలు పోయాయి, సరిగ్గా ఆడి కూడా. తర్వాత ప్లేలో సియాటిల్ ఆటగాడు మార్షాన్ లించ్ బంతిని ఆఖరి గీతకి ఒక గజం దూరం దాకా తెచ్చాడు. ఆ పై ప్లేకి బట్లర్‌ని మళ్ళీ లోపలికి పంపారు. ఒకే వైపు ఇద్దరు రిసీవర్లు ఒకరి వెనక ఒకరు నిలబడ్డారు, ముందున్న కెర్స్‌ని పేట్రియట్స్ రెండో కార్నర్ బ్రాండన్ బ్రౌనర్ కదలనివ్వకుండా పట్టేశాడు, వెనక నుంచి రికార్డో లాకెట్ లోపలికి దూసుకొచ్చేసరికి బట్లర్ అతని కంటే ముందే అక్కడుండి బంతి పట్టేశాడు. ఆ వారం ప్రాక్టీస్‌లో ఇదే ప్లే వేస్తే అతను ఓడిపోయాడు, అది గుర్తుపెట్టుకున్నాడు. బ్రౌనర్ కూడా డ్రాఫ్ట్ కానివాడే, కెనడాలో ఆడి వచ్చాడు. ఎవరూ కోరుకోని ఇద్దరు కార్నర్లు కలిసి ఆ మ్యాచ్ గెలిపించారు, 28-24. ఇప్పటికీ ఆ ఫిల్మ్ చూస్తే నాకు ఒళ్ళు పులకరిస్తుంది.

అంకెల సంగతి. ఇంటర్‌సెప్షన్లకి నువ్వు పెద్ద బాక్స్ ఇచ్చావు, దాన్ని చిన్నది చెయ్. కౌబాయ్స్‌కి ఆడుతూ ట్రెవాన్ డిగ్స్ 2021లో 11 తీశాడు, తర్వాతి ఏడు 3. మనిషి అతనే, ఆట అదే, బంతి ఎటు పడిందన్నదే తేడా. ఒక బౌలర్‌కి నాలుగు మ్యాచ్‌ల్లో పడ్డ వికెట్లు చూసి టెస్ట్ జట్టులోకి తీసుకోమన్నట్టు ఉంటుంది అలా లెక్కేస్తే. అతని మీద పాస్ ఎన్నిసార్లు పూర్తయింది అన్న శాతం కూడా తక్కువ ప్లేల మీద నమ్మదగింది కాదు. అది రాసేముందు వెనక సేఫ్టీ (అందరికంటే వెనక కాపలా ఉండేవాడు) సాయం ఉందా, ఒంటరిగా వదిలేశారా, మ్యాన్ (మనిషికొక రిసీవర్‌ని కాయడం) ఆడుతున్నారా జోనా (మనిషికొక చోటు కాయడం) అని ప్రతి ప్లే పక్కనా రాసుకో, అప్పుడు ఆ శాతానికి అర్థం వస్తుంది. శ్రమే. కానీ ఈ పని చేసేవాళ్ళు తక్కువ కాబట్టే ఇలాంటి కుర్రాళ్ళు ఎవరి కంటా పడకుండా ఉండిపోతున్నారు.

ఇంకో సంగతి, అవకాశం. సత్తా ఉంటే చాలదు, పై వరుసలో ఎవరికో దెబ్బ తగలాలి, వినడానికి బాధగా ఉన్నా నిజం అది. 2022లో కౌబాయ్స్ కార్నర్ జోర్డన్ లూయిస్‌కి దెబ్బ తగిలితే బ్లాండ్‌కి స్లాట్ దొరికింది. 2023 సెప్టెంబర్‌లో ప్రాక్టీస్‌లో డిగ్స్ మోకాలు పోతే బ్లాండ్‌ని బయటి వైపుకి మార్చారు. ఆ సీజన్‌లో 9 ఇంటర్‌సెప్షన్లు, అందులో 5 నేరుగా టచ్‌డౌన్లు, లీగ్ చరిత్రలో ఒక సీజన్‌లో ఎవరూ అన్ని చెయ్యలేదు. అదే ఏడు సియాటిల్‌తో మ్యాచ్‌లో డీకే మెట్‌కాఫ్ డల్లాస్ మీద మూడు టచ్‌డౌన్లు కొట్టాడు, ఆ మ్యాచ్‌లోనే బ్లాండ్ ఒక ఇంటర్‌సెప్షన్ కూడా తీశాడు. కార్నర్ బతుకు అలాగే ఉంటుంది, ఆ రెండింటినీ ఒకే పేజీలో రాయి. కాబట్టి మనవాడి టీమ్‌లో పైన ఎవరున్నారు, వాళ్ళ కాంట్రాక్ట్‌లు ఎప్పుడు అయిపోతాయి, కోచ్ స్లాట్‌లో ఎవర్ని నమ్ముతున్నాడు అనేది ఒక పేరా రాయి. అతను స్పెషల్ టీమ్స్‌లో (బంతిని తన్నే ప్లేలకి దిగే బృందంలో) పంట్, అంటే దూరంగా తన్నిన బంతి, వెనక పరిగెత్తి టాకిల్ చేస్తున్నాడా (బంతి ఉన్నవాణ్ణి పడగొడుతున్నాడా) కూడా చూడు, టీమ్‌లో ఉండే 53 మందిలో చోటు నిలబెట్టేది చాలాసార్లు అదే, చోటు నిలబడితేనే మిగతా కథ. టాకిల్ అంటే భయపడే కార్నర్‌ని నేనైతే నమ్మను, ఎంత వేగం ఉన్నా సరే.

ఈ వారం వేరే పని పెట్టుకోకు, మూడో డౌన్ (పది గజాలు ముందుకెళ్ళడానికి ఇచ్చే నాలుగు ప్రయత్నాల్లో మూడోది) ప్లేలు మాత్రం తీసి ఒక్కొక్కటి రాయి. ఒక మ్యాచ్‌వి పూర్తయ్యాక నాకు పంపు, నేను అవే ప్లేలు చూసి నా రాతలు పంపుతాను, ఎక్కడ తేడా వచ్చిందో ఆదివారం మాట్లాడుకుందాం. అత్తయ్య నిన్ను భోజనానికి రమ్మంటోంది, లాప్‌టాప్ తెచ్చుకో.

మీ మామయ్య