నీట్ వదిలి పందులు పెంచుతానంటున్నాడు

ప్రశ్న: మాది చంద్రగిరి దగ్గర పల్లె. ఇంటి వెనక ముప్పై సెంట్ల స్థలం, రెండు పాడి ఆవులు, పది నాటుకోళ్లు ఉన్నాయి. మా అబ్బాయి బైపీసీ చదివాడు. పశువైద్యుడు కావాలని నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు పందులు పెంచుతానంటున్నాడు. ఒక ఆవును అమ్మి పది ఆడపందులు కొందామని పట్టుబడుతున్నాడు. పరువు పోతుందని వాళ్ల నాన్న వాడితో మాట్లాడటమే మానేశారు. ఏం చేయమంటారు? – ఒక తల్లి

జవాబు: అమ్మా, ముందు ఆవును అమ్మకండి. మిగతావి నిదానంగా ఆలోచిద్దాం.

పాల డబ్బు ఇంట్లోకి తరచుగా వస్తూనే ఉంటుంది. పందుల డబ్బు అలా రాదు, అమ్మిన రోజునే ఒక్కసారిగా వస్తుంది. ఆ రోజు దాకా దాణా ఖర్చును భరించేది మీ ఆవులే.

ఇక ఆ పది ఆడపందుల లెక్క చూద్దాం. పంది చూడి కాలం 114 రోజులు. ఈతకు ఎనిమిది నుంచి పది పిల్లలనుకున్నా, పది పందులు ఈనేసరికి దాదాపు వంద పిల్లలు మీ దొడ్లో ఉంటాయి. పాలు మరిచిన పిల్ల పది కిలోల నుంచి ఎనభై కిలోలకు ఎదగాలంటే సుమారు రెండున్నర క్వింటాళ్ల దాణా తింటుంది. వంద పిల్లలకు 250 క్వింటాళ్లు, అంటే ఇరవై ఐదు టన్నులు! ఒక ఆవును అమ్మిన డబ్బుతో పందులు వస్తాయేమో గానీ ఈ దాణా రాదు. పందుల పెంపకం ఖర్చులో మూడు వంతులకు దగ్గరగా మేతకే పోతుంది. ఫోనులో చూసే పందుల వీడియోల్లో పిల్లల సంఖ్య చెబుతారు, బస్తాల సంఖ్య చెప్పరు.

నా దగ్గరకు సలహాకు వచ్చిన ఒక కుర్రవాడు ఇలాగే ఒకేసారి ఎనిమిది చూడి పందులను కొన్నాడు. మార్గశిరపు చలిలో ఒక్క రాత్రే మూడు ఈనాయి. ఈనే గదిలో గోడకు జానెడు దూరంలో అడ్డంగా ఇనుప గొట్టం బిగించాలని, అది ఉంటే తల్లి గోడకు ఆనుకుని పడుకున్నా పిల్లలు నలగవని అతనికి తెలియదు. అప్పుడే పుట్టిన పిల్లలకు ముప్పై డిగ్రీలకు పైగా వెచ్చదనం కావాలనీ తెలియదు. తెల్లారేసరికి సగం పిల్లలు లేవు. అతనిది సోమరితనం కాదు. ఈత అనేది ఒక్కసారైనా పక్కనుండి చూడాల్సిన పని.

కాబట్టి మీ అబ్బాయిని ఐదు పిల్లలతో మొదలుపెట్టమనండి. ఈనే పందులు వద్దు, పాలు మరిచిన పిల్లలు చాలు. సెప్టెంబరు ప్రాంతంలో తెస్తే ఎండలు ముదరకముందే అమ్మవచ్చు. పందికి చెమట పట్టదు. మన తిరుపతి ఎండల్లో నీడ, నీళ్లు కరవైతే మేత ముట్టదు, తెల్ల సీమజాతి అయితే మరీను. ఆ ఆరు నెలలు తూకం, దాణా, టీకా, నట్టల మందు, అమ్మిన ధర అన్నీ ఒక నోటుపుస్తకంలో రాయమనండి. ఇంకో మాట: పిల్లలను తెచ్చే ముందే కొనేవారెవరో చూసుకోవాలి. వేలూరు, చెన్నై, బెంగళూరు వైపు పంపే వ్యాపారులతో ముందుగా మాట్లాడుకోకపోతే, ఎదిగిన పంది రోజూ తింటూనే ఉంటుంది, వ్యాపారి రోజూ ధర తగ్గిస్తూనే ఉంటాడు.

ఒక విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. తిరుపతి హోటళ్ల మిగులు చవకగా దొరుకుతుందని మీ అబ్బాయి ఇప్పటికే లెక్క వేసి ఉంటాడు. నేనైనా వేసేవాడినే. కానీ ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ అనే జబ్బు 2020లో అస్సాం, అరుణాచల్‌లలో బయటపడి తరువాత ఇతర రాష్ట్రాలకూ పాకింది. మనుషులకు సోకదు గానీ పందులను మందలకు మందలే తుడిచిపెడుతుంది. దానికి మందు లేదు, మన దగ్గర రైతుకు అందే టీకా కూడా లేదు. పంది మాంసం కలిసిన ఎంగిలి అది ప్రయాణించే దారుల్లో ఒకటి. కాబట్టి మాంసం కలిసిన మిగులు జోలికి పోవద్దు. శాకాహారమైనా బాగా మరగబెట్టి చల్లార్చి పెట్టాలి. దొడ్డి గడప దగ్గర కాళ్లు కడుక్కునే సున్నపు నీళ్ల తొట్టి ఉండాలి. బయటి పందుల దగ్గర తిరిగి వచ్చిన వ్యాపారిని నేరుగా లోపలికి రానివ్వకూడదు. క్లాసికల్ స్వైన్ ఫీవర్ అని పేరు కలిసే మరో జబ్బు ఉంది, దానికి మాత్రం టీకా ఉంది. ఆ టీకా తప్పక వేయించాలి.

ఆవుల కొట్టానికీ పందుల పాకకూ మధ్య వీలైనంత ఎడం పెట్టండి. గాలికుంటు జబ్బు రెండింటికీ వస్తుంది, పందికి సోకితే ఊపిరితోనే క్రిములను విపరీతంగా వదులుతుంది. కోళ్లను కూడా పందుల పాకలోకి వదలకండి. మురుగు నిలిస్తే దోమలు, దోమల వెంట మెదడువాపు. ఇరుగుపొరుగు గొడవ అక్కడే మొదలవుతుంది. పంచాయతీలో ముందే అడగండి.

చదువు సంగతి. పశువైద్యమంటే నీట్ తప్ప దారి లేదు, నిజమే. కానీ బైపీసీ వాళ్లకు ఈఏపీసెట్ ద్వారా బీఎస్సీ అగ్రికల్చర్ ఉంది, తిరుపతిలో 1961 నుంచి వ్యవసాయ కళాశాలే ఉంది. పదో తరగతి అర్హతతో రెండేళ్ల పశుసంవర్ధక డిప్లొమా కూడా ఉంది. వయసు పరిమితి ఉంటుంది కనుక ఆ ఏటి ప్రకటన చూసుకోండి. డిప్లొమాతో డాక్టరు కాలేడు. డాక్టరు పర్యవేక్షణలో చిన్న చికిత్సలు చేయగలడు, పశుసంవర్ధక సహాయకుల ఉద్యోగాలకు ప్రకటన వస్తే పోటీ పడగలడు. ఐదు పందులు రోజుకు రెండు మూడు గంటల పని. పరీక్షకు చదువుకోవడానికి అవి అడ్డు రావు.

కేంద్ర పశుసంపద పథకంలో సగం రాయితీ ఉంది గానీ, పందులకు అది యాభై ఆడపందులూ ఐదు మగపందులతో మొదలవుతుంది. ఇప్పుడు దాని ఊసు వద్దు.

పరువు గురించి మీ వారికి నేను ఉపన్యాసం చెప్పను. ఎరుకల కుటుంబాలు తరతరాలుగా ఈ పనితోనే బతికాయి. మీ అబ్బాయి ఫోనులో చూసి నేర్చుకున్న దానికంటే అలాంటి ఒక పెద్దాయన దగ్గర నెల రోజులు కూర్చుంటే ఎక్కువ తెలుస్తుంది. తిరుపతి వెటర్నరీ విశ్వవిద్యాలయంలో పందుల పరిశోధన కేంద్రం ఉంది. యార్క్‌షైర్ రక్తం మూడు వంతులు, నాటు రక్తం ఒక వంతు కలిపి టీ-17 అనే సంకరజాతిని తయారు చేసింది అక్కడే. మీకు ఎంతో దూరం కాదు. ముందుగా అనుమతి అడిగి, పనిరోజున పొద్దున్నే దొడ్లు కడిగే వేళకు తండ్రీకొడుకులిద్దరినీ కలిపి పంపండి. వాసన, పని, లెక్క మూడూ అక్కడ ఒకేసారి తెలుస్తాయి. మీ వారు రానంటే వాడిని ఒక్కడినే పంపి, వచ్చాక ఆ పిల్లలు, దాణా లెక్కంతా వాళ్ల నాన్న ముందు కాగితం మీద వేసి చూపించమనండి.