హాస్టల్‌కి కమర్షియల్ గ్యాస్ గీజర్: మోటారు బోర్డు నుంచి లైను లాగితే సరిపోతుందా?

మేడం, మీరు అడిగింది ఇది: కూకట్‌పల్లిలో 80 మంది అమ్మాయిలుండే హాస్టల్, చలికాలం ముదరకముందే కమర్షియల్ గ్యాస్ గీజర్ బిగించాలి, పెట్టడానికి మెట్ల కింద గది ఒకటి ఖాళీగా ఉంది. మీ ఎలక్ట్రీషియనేమో "గ్యాస్ గీజర్‌కి కరెంటు ఎంత కావాలి మేడం, ఒక ట్యూబ్‌లైటంత. పక్కనే మోటారు బోర్డు ఉంది, అక్కణ్ణుంచి లైను లాగేస్తా" అంటున్నాడు. ఆ గది సరిపోతుందా, ఆ లైను సరిపోతుందా అని మీ ప్రశ్న. రెండూ వద్దు. ఎందుకు వద్దో చెప్తాను. నేను పద్దెనిమిదేళ్లుగా హాస్టళ్లకీ లాడ్జీలకీ ఫంక్షన్ హాళ్లకీ ఈ గీజర్లు బిగిస్తున్నాను, బాగుచేస్తున్నాను.

కరెంటు తక్కువే కావాలన్న మాట నిజమే. నీళ్లు కాచేది గ్యాస్. కానీ ఆ గ్యాస్‌కి కాపలా కాసేది మొత్తం కరెంటే. ముందు ఫ్యాను తిరగాలి. గాలి సరిగ్గా ఆడుతోందని చిన్న ప్రెషర్ స్విచ్చి ఒప్పుకోవాలి. అప్పుడు స్పార్కు పడాలి, గ్యాస్ వాల్వు తెరుచుకోవాలి. మంట అంటుకున్న సంగతి మంటలో ఉండే కడ్డీ, అంటే ఫ్లేమ్ రాడ్, చెప్పాలి. అది చెప్పకపోతే కొద్ది సెకన్లలోనే వాల్వు మూసుకుపోవాలి. నీళ్లు మరీ కాగితే గీజర్‌ని ఆపేసే హై లిమిట్ కటౌట్ అనే స్విచ్చి పడిపోవాలి. వీటిలో ఏ ఒక్కదానికి సరైన కరెంటు అందకపోయినా గీజర్ ఆగిపోతుంది. ఆగిపోతే మంచిదే. దాన్ని "నడిపించడానికి" ఎవరో ఒకరు చెయ్యి పెట్టినప్పుడే ప్రమాదం మొదలవుతుంది.

ముందు మోటారు బోర్డు సంగతి. మీది త్రీ ఫేజ్ మోటారైతే దాని స్టార్టర్‌కి (మోటారుని ఆన్, ఆఫ్ చేసే డబ్బాకి) మూడు ఫేజులే వస్తాయి. న్యూట్రల్‌తో దానికి పని లేదు కాబట్టి చాలా బోర్డుల్లో న్యూట్రల్ వైరే ఉండదు. గీజర్‌కేమో ఫేజూ న్యూట్రలూ రెండూ కావాలి. అప్పుడు తొందరలో ఉన్నవాడు ఏం చేస్తాడంటే, ఒక ఫేజు తీసుకుని న్యూట్రల్ బదులు ఎర్త్ వైరు కలిపేస్తాడు. బల్బు పెట్టి చూస్తే వెలుగుతుంది, గీజర్ కూడా ఆన్ అవుతుంది. ఇది నేను ఒకటికి నాలుగు చోట్ల చూశాను. ఆ ఎర్త్ వైరు ఎక్కడైనా వదులైందో, ఎర్త్ పిట్ ఎండిపోయిందో, గీజర్ బాడీకి ఫేజు వచ్చి కూర్చుంటుంది. గీజర్‌కి తగిలించిన ఇనుప పైపుల్లోకీ అదే పాకుతుంది. ఇంకొకటి, మోటారు స్టార్ట్ అయిన ప్రతిసారీ వోల్టేజీ ఒక్కసారి కుంగుతుంది. గీజర్ లోపలి కంట్రోల్ కార్డు (దాన్ని నడిపే సర్క్యూట్ బోర్డు) ఆ కుదుపుల్ని ఎక్కువ కాలం తట్టుకోదు.

కాబట్టి లైను మెయిన్ డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి విడిగా రావాలి. గీజర్ ఒక్కదానికే ఒక ఎంసీబీ, అంటే కరెంటు మితిమీరితే దానంతటదే పడిపోయే స్విచ్చి. మామూలుగా 6 ఆంపియర్లది చాలు, కంపెనీ పుస్తకంలో వేరే రాసి ఉంటే అదే పెట్టండి. దానికి ముందు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ, అంటే కరెంటు ఎర్త్‌లోకి లీకైతే లైను తెంపేసే స్విచ్చి. 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, మూడు కోర్‌లది, పైపులో వెయ్యాలి. ఫేజునీ న్యూట్రల్‌నీ రెండిటినీ తెంపే డబుల్ పోల్ స్విచ్చి గీజర్ పక్కనే కాకుండా కాస్త దూరంగా ఉండాలి. గ్యాస్ వాసన వచ్చినప్పుడు గీజర్ దగ్గరికెళ్లి స్విచ్చి నొక్కే పరిస్థితి రాకూడదు. అసలు వాసన తెలిసినప్పుడు ఏ స్విచ్చీ నొక్కొద్దు, సిలిండర్ల దగ్గర వాల్వులు మూసి మనుషుల్ని బయటికి పంపండి.

ప్లగ్గు పెట్టి సాకెట్‌కి గుచ్చుతామంటే ఒప్పుకోకండి. ఎదురుగా నిలబడి చూస్తే మన సాకెట్‌లో కుడి వైపు ఫేజు, ఎడమ వైపు న్యూట్రల్ ఉండాలి. పాత బిల్డింగుల్లో ఇవి తారుమారై ఉండటం మామూలు. ఫ్యాన్‌కీ మిక్సీకీ తేడా తెలీదు. ఈ గీజర్‌కి తెలుస్తుంది.

ఎందుకు తెలుస్తుందో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కువమంది తడబడేది ఇక్కడే. మంట ఒక రకంగా కరెంటు తీగ లాంటిది. ఫ్లేమ్ రాడ్ అనే సన్నటి కడ్డీ మంటలో మునిగి ఉంటుంది. కడ్డీ నుంచి మంట గుండా బర్నర్‌కీ, అక్కణ్ణుంచి బాడీ ఎర్త్ ద్వారా వెనక్కి కార్డుకీ కొద్ది మైక్రో ఆంపియర్ల కరెంటు పారుతుంది. మైక్రో ఆంపియర్ అంటే ఆంపియర్‌లో పది లక్షల వంతు. ఆ పిసరంత కరెంటు కనిపిస్తేనే కార్డు "మంట ఉంది" అని నమ్ముతుంది. అందుకే ఇక్కడ ఎర్తింగ్ షాక్ కొట్టకుండా ఉండటానికి మాత్రమే కాదు, మంటని చూసే కన్ను కూడా అదే. ఎర్త్ లేకపోయినా, చాలా మోడళ్లలో ఫేజు, న్యూట్రల్ తారుమారైనా, గీజర్ నీలం మంటతో చక్కగా వెలిగి నాలుగైదు సెకన్లలో ఆరిపోతుంది. మూడుసార్లు ప్రయత్నించి లాకౌట్‌లోకి వెళ్లిపోతుంది, అంటే మళ్లీ రీసెట్ చేసేదాకా వెలగదు.

కొన్నేళ్ల కిందట ఒక హాస్టల్ నుంచి డిసెంబర్‌లో తెల్లారుజామున అయిదున్నరకి ఫోన్. "అన్నా, కరెంటు పోయినప్పుడల్లా నీ గీజర్ పోతోంది, జనరేటర్ ఆన్‌లోనే ఉంది." వెళ్లి చూస్తే నిజమే. కరెంటు ఉన్నప్పుడు గంటలకొద్దీ నడుస్తుంది, జనరేటర్ మీద వెలిగి ఆరిపోతోంది. కార్డు మార్చారు, రాడ్ మార్చారు, గ్యాస్ ప్రెషర్ పెంచి చూశారు. నేను మీటరు తీసి కొలిచాను. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టులు సరిగ్గా ఉంది. ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి. అక్కడ అంకె ఒకచోట నిలబడదు, కాసేపు 90, కాసేపు 130. జనరేటర్ న్యూట్రల్‌ని ఎవరూ ఎర్త్‌కి కట్టలేదు, అది గాల్లో తేలుతోంది. మంట కరెంటు వెనక్కి రావడానికి దారే లేదు. లైసెన్సున్న కాంట్రాక్టర్‌ని పిలిపించి జనరేటర్ దగ్గర న్యూట్రల్‌ని ఎర్త్ చేయించాం, కరెంటు నుంచి జనరేటర్‌కి మారేటప్పుడు న్యూట్రల్‌ని కూడా మార్చే నాలుగు పోల్స్ ఛేంజోవర్ స్విచ్చి పెట్టించాం. ఆ తర్వాత ఫోన్ రాలేదు. ఆ న్యూట్రల్ తేలుతున్నన్నాళ్లూ ఆ బిల్డింగులో ఆర్‌సీసీబీలు కూడా జనరేటర్ మీద సరిగ్గా పనిచెయ్యవు, గమనించండి. మీకూ జనరేటర్ ఉంటే ఈ మూడు కొలతలూ మీ ముందే తీయించండి: ఫేజు–న్యూట్రల్, ఫేజు–ఎర్త్, న్యూట్రల్–ఎర్త్. చివరిది రెండు మూడు వోల్టులు దాటకూడదు. కరెంటు మీద ఒకసారి, జనరేటర్ మీద ఒకసారి. టెస్టర్ పెట్టి లైటు వెలిగిందని చూపిస్తే అది కొలత కాదు.

ఇప్పుడు ఆ గది. దీని గురించి రాసేటప్పుడు నాకు ఒక పిల్లవాడు గుర్తొస్తాడు. ఒక లాడ్జీలో రూములు శుభ్రం చేసే కుర్రాడు, పంతొమ్మిదేళ్లుంటాయేమో, గీజర్ గది పక్కన వెచ్చగా ఉంటుందని అక్కడే పడుకునేవాడు. రోజూ పొద్దున్నే తలపోటు, వాంతులు. గ్యాస్ట్రిక్ అనుకుని మాత్రలు వేసుకున్నాడు. నేను వెళ్లింది దాని కోసం కాదు, నీళ్లు సరిగ్గా కాగడం లేదని పిలిస్తే వెళ్లాను. ముందు మూత తీశాను. గాలి ప్రెషర్ స్విచ్చికి వచ్చే రెండు తీగలూ పీకేసి, వాటి మధ్య వేలెడంత తెల్ల వైరు ముక్క కలిపి, పైన ఇన్సులేషన్ టేపు చుట్టి ఉంది. టేపు వేడికి కరిగి జిగురుగా చేతికంటింది. రెండు నెలల కిందట గీజర్ మాటిమాటికీ ఆగిపోతుంటే ఎవరో వచ్చి "సెట్" చేసి వెళ్లారట. పైకెక్కి చూస్తే పొగగొట్టం మూతిలో పావురం గూడు. గొట్టం మూసుకుపోయిందని ఆ స్విచ్చి రోజూ చెప్తూనే ఉంది, దాని నోరు నొక్కేశారు. ఆ రెండు నెలలూ కార్బన్ మోనాక్సైడ్ ఆ గదిలోనే తిరిగింది. దానికి రంగూ వాసనా ఉండదు. రక్తంలో ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లు గట్టిగా పట్టుకుంటుంది. ఆ కుర్రాణ్ణి ఆ రోజే ఆసుపత్రికి పంపించాం, కోలుకున్నాడు. ఆ తెల్ల వైరు ముక్క ఇప్పటికీ నా టూల్ బ్యాగులో ఉంది. కొత్తగా పనికొచ్చే కుర్రాళ్లకి మొదటి రోజే చూపిస్తాను.

మీ లెక్క చూద్దాం. 80 మందికి తలా 20 లీటర్ల గోరువెచ్చని నీళ్లు, అంటే 1,600 లీటర్లు. చలికాలం ట్యాంకులో నీళ్లు 20 డిగ్రీలుంటే 40కి తేవడానికి 32,000 కిలో క్యాలరీలు కావాలి. నూటికి ఎనభై పాళ్లు వేడి నీళ్లలోకి వెళ్తుందనుకుంటే సుమారు 3.6 కిలోల గ్యాస్. రెండు గంటల్లో అందరి స్నానాలూ అవ్వాలంటే గంటకి 1.8 కిలోలు. అంత గ్యాస్ కాలడానికి గంటకి కనీసం 22 ఘనమీటర్ల గాలి కావాలి. మెట్ల కింద గది ఆరడుగులు, అయిదడుగులు, ఏడడుగులనుకుంటే మొత్తం గాలి 6 ఘనమీటర్లు. అది పావుగంటలో అయిపోతుంది. ఆక్సిజన్ తగ్గే కొద్దీ మంట నీలం నుంచి పసుపుకి మారుతుంది, విషవాయువు పెరుగుతుంది. ఎగ్జాస్ట్ ఫ్యాను పెడతామని ఎవరైనా సలహా ఇస్తే అస్సలు వద్దు. మూసిన గదిలో అది గాలిని లాగితే, పొగగొట్టంలోంచి పొగే వెనక్కి దిగుతుంది.

అదీకాక ఎల్‌పీజీ గాలి కంటే బరువు. లీకైతే కిందికి దిగి పల్లంలో, సంపులో, డ్రైనేజీలో నిలుస్తుంది. మీ మోటారు స్టార్టర్ కూడా అక్కడే ఉందన్నారు. స్టార్టర్‌లో కాంటాక్టర్ (లైను కలిపే స్విచ్చి) పడిన ప్రతిసారీ లోపల చిన్న స్పార్కు వస్తుంది. పైగా అవి 80 మంది దిగాల్సిన మెట్లు. నిప్పు అక్కడే పుడితే ఆ పిల్లలు ఎటు దిగుతారు?

గీజర్‌ని టెర్రస్ మీద పెట్టండి. వానకి రేకు, పక్కలు గాలాడేలా వదిలెయ్యండి. పొగగొట్టం స్టీలుది, కంపెనీ చెప్పిన సైజుదే, అడ్డంగా వెళ్లే చోట అడుగుకి పావంగుళం చొప్పున పైకి వాలుతూ ఉండాలి. మూతికి పక్షులు దూరని జాలీ మూత, దగ్గర్లో ఏ కిటికీ ఉండకూడదు. సిలిండర్లు మాత్రం కింద, ఆరుబయట, కాంపౌండు గోడ పక్కన నిలబెట్టాలి, సంపు మూతకీ మ్యాన్‌హోల్‌కీ మోటారు బోర్డుకీ దూరంగా. ఒక్క 19 కిలోల సిలిండర్‌తో గంటకి 1.8 కిలోలు లాగితే అది మంచుపట్టి ప్రెషర్ పడిపోతుంది. రెండేసి చొప్పున రెండు వరసలు పెట్టించుకోండి, నాలుగూ కలిపి 76 కిలోలు. 100 కిలోలు దాటితే లైసెన్సు వ్యవహారం వస్తుంది. ఇంట్లో వాడే 14.2 కిలోల సిలిండర్లు వాడటం నేరం, దాని జోలికే పోకండి. పైపింగ్ మీ గ్యాస్ డిస్ట్రిబ్యూటర్ ఒప్పుకున్న మనిషే చెయ్యాలి. మీ వీధిలోకి పైపు గ్యాస్ వచ్చి ఉంటే అదే మేలు. అప్పుడు గీజర్ కొనేటప్పుడే పీఎన్‌జీ (పైపు గ్యాస్) మోడల్ అడగండి. ఎల్‌పీజీ గీజర్‌ని తెచ్చి పైపు గ్యాస్‌కి అలాగే తగిలించకూడదు, ప్రెషర్ వేరు, గ్యాస్ వచ్చే జెట్లు (సన్న రంధ్రాలు) వేరు.

నీళ్ల వైపు రెండే మాటలు. ప్రెషర్ ఎక్కువైతే నీళ్లు వదిలేసే రిలీఫ్ వాల్వు నుంచి వచ్చే పైపుకి ఎక్కడా వాల్వు బిగించొద్దు, బిరడా కొట్టొద్దు, కారుతోందని అస్సలు కొట్టొద్దు. కారుతోందంటే లోపల ప్రెషర్ పెరుగుతోందని అర్థం. వెయ్యి లీటర్ల నీళ్లు 30 నుంచి 60 డిగ్రీలకి వస్తే దాదాపు 13 లీటర్లు ఉబ్బుతాయి, అవి పోవడానికి చోటుండాలి. గీజర్ దగ్గర మొదటి మీటరు పైపైనా సీపీవీసీ (ప్లాస్టిక్) కాకుండా జీఐ (జింకు పూత ఇనుము) గానీ రాగి గానీ వేయించండి.

మొదలుపెట్టే రోజు టెక్నీషియన్ వెళ్లిపోకముందు మీరు పక్కన నిలబడి మూడు చేయించండి. ప్రతి జాయింటుకీ సబ్బు నురగ పూయించండి, అగ్గిపుల్ల గీసి చూస్తానంటే అక్కడే ఆపెయ్యండి. మంట వెలుగుతుండగా ఎంసీబీ ఆపమనండి, మంట వెంటనే ఆరిపోవాలి. గాలి ప్రెషర్ స్విచ్చికి వెళ్లే సన్న గొట్టం పీకి గీజర్ ఆన్ చెయ్యమనండి, వెలగకూడదు. వెలిగితే ఆ గీజర్‌ని ఆ రాత్రి నడపొద్దు.

రేపు ఎలక్ట్రీషియన్ వచ్చినప్పుడు మెయిన్ ఆపించి, మెయిన్ బోర్డు మూత తీయించి ఒక ఫొటో, టెర్రస్ మీద మీరనుకుంటున్న చోటు ఫొటో ఇక్కడ పెట్టండి. జనరేటర్ ఎన్ని కేవీఏదో (దాని సామర్థ్యం, ప్లేటు మీద ఉంటుంది) కూడా రాయండి. లైను ఎక్కణ్ణుంచి తీయాలో చూసి చెప్తాను.