మందుల దుకాణంలో ఆరోగ్య అంచనా: ఎన్ని ప్రశ్నలు అడగాలి?

విజయవాడలోని మీ మందుల దుకాణంలో ట్యాబ్ మీద ఆరోగ్య అంచనా పెట్టాలనుకుంటున్నారనీ, ఎన్ని ప్రశ్నలుంటే జనం విసుగు పడకుండా పూర్తి చేస్తారనీ అడిగారు. నేను గుంటూరు కొత్తపేటలో ఫార్మసిస్టుని. మా కౌంటరు పక్కన అలాంటిదే పెట్టాం. ఎన్ని అడిగామన్నదాని కంటే ఏ మాటలతో అడిగామన్నదే ముఖ్యమని నాకు ఒక హమాలీ వల్ల తెలిసింది.

మేము తీసుకున్నది మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్ వారు 2005లో ప్రకటించిన ఇండియన్ డయాబెటిస్ రిస్క్ స్కోరు, అంటే షుగర్ వచ్చే ముప్పు ఎంతో అంకెల్లో చెప్పే పద్ధతి. అందులో చూసేవి నాలుగే: వయసు, నడుము చుట్టుకొలత, శారీరక శ్రమ, తల్లిదండ్రులకు షుగర్ ఉందా లేదా. నాలుగింటికీ కలిపి అత్యధిక స్కోరు 100. స్కోరు 60 గాని అంతకు మించి గాని వస్తే ముప్పు ఎక్కువ, రక్తపరీక్ష చేయించుకోవాలి.

మొదట్లోనే మిర్చి యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) మోసే పెద్దాయన ఒకరు వచ్చారు. యాభై రెండేళ్లు, సన్నటి మనిషి. ‘వ్యాయామం చేస్తారా?’ అని తెర అడిగింది. ఆయన దృష్టిలో వ్యాయామమంటే ఉదయం పార్కులో నడిచేవాళ్లు చేసేది. ‘లేదు’ అని నొక్కారు. వయసుకు 30, శ్రమ లేదని 30, మొత్తం 60. తెర ఎర్రబడింది. “నాకు షుగర్ వచ్చినట్టేనా అమ్మా?” అన్నప్పుడు ఆయన గొంతు వణికింది. నిజానికి బరువు పని చేసేవారికి శ్రమ దగ్గర 30 పడదు. ఆయన అసలు స్కోరు 60 కంటే తక్కువే. రోజంతా మోత మోసే మనిషిని మా ప్రశ్న అంత భయపెట్టిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ రాత్రే ప్రశ్న మార్చాం: ‘రోజూ మీరు చేసే పని ఏది?’ మోత పని, నడుస్తూ తిరిగే పని, కూర్చుని చేసే పని, ఒక్కోదానికి ఒక్కో బొమ్మ. కూర్చుని పని చేసేవారినే వ్యాయామం గురించి అడుగుతాం.

నడుము దగ్గర ఇంకో చిక్కు. మగవాళ్లు ప్యాంటు సైజు చెప్పేస్తారు, కానీ ప్యాంటు కట్టేది పొట్ట కింద. అందుకే టేపు పెట్టి కొలుస్తాం. ఆడవాళ్లకు పరదా చాటున నేనే కొలుస్తాను, లేదా టేపు వారి చేతికే ఇస్తాను. తల్లిదండ్రుల ప్రశ్నకు ‘తెలియదు’ అనే బొత్తం తప్పక పెట్టండి. ఎన్నడూ పరీక్షే చేయించుకోని తల్లిదండ్రులు మన పల్లెల్లో ఎంతోమంది. ఆ బొత్తం లేకపోతే అందరూ ‘లేదు’ అనే నొక్కుతారు.

బీపీ కూడా చూడాలనుకుంటే, ఎండలో నడిచి వచ్చినవారికి వెంటనే పట్టీ చుట్టకండి. అయిదు నిమిషాలు కుర్చీలో మాట్లాడకుండా కూర్చోనివ్వండి.

ఫలితం వెనక వరుసలో నిలబడినవారికి కనిపించకూడదు. మేము ఎర్ర రంగు తీసేశాం, చీటీ మీద రాసి చేతికిచ్చి పక్కకు పిలిచి చెబుతాం. ఆ చీటీ మీద టానిక్కుల పేర్లు రాయవద్దు. ఒక్కసారి రాశారంటే, రక్తపరీక్ష చేయించుకోమని మీరు చెప్పే మాటను కూడా అమ్మకం కోసమే అనుకుంటారు. ఫోను నంబరు అడగకుండానే ఫలితం ఇవ్వండి.

ట్యాబ్ కొనకముందే ప్రశ్నలు కాగితం మీద రాసుకుని, కౌంటరు దగ్గరికి వచ్చిన పదిమందికి చదివి వినిపించండి. ఏ మాట దగ్గర ఆగి మీ ముఖం వైపు చూస్తారో ఆ మాట మార్చండి.