జిగట పొర ఎక్కడ దాక్కుంటుంది?

ప్రశ్న: మా పిల్లికి నీళ్ల ఫౌంటెన్ కొని 3 నెలలైంది. రోజూ నీళ్లు మారుస్తున్నాను. అయినా అడుగున వేలికి జిగటగా తగులుతోంది, మోటారు గుర్రుమంటోంది. పిల్లి దాని దగ్గరికి వెళ్లడమే మానేసింది. ఏం చేయాలి?

జవాబు: మీకంటే ముందు మీ పిల్లే కనిపెట్టినట్లుంది! ఆ జిగట బ్యాక్టీరియా కట్టుకున్న పొర. నీళ్లు మారిస్తే పోదు, రుద్దితేనే పోతుంది. వారానికి ఒకసారైనా ప్లగ్గు తీసేసి, ఫౌంటెన్‌ను పూర్తిగా విడదీసి, గోరువెచ్చని నీళ్లు, వాసన లేని సబ్బుతో తోమి, సబ్బు మిగలకుండా కడగండి.

అసలు దొంగ మోటారులో ఉంటాడు. నేనూ మొదట్లో పైపైన కడిగి మురిసిపోయినవాడినే. ఒకరోజు మోటారు ముందున్న చిన్న మూత ఊడదీస్తే, లోపలి రెక్కల చక్రానికి వెంట్రుకలు ఉండలా చుట్టుకుని ఉన్నాయి. పైగా ఆ కంపు! ఆ చక్రాన్ని బయటికి లాగి, అది కూర్చునే గుంటను కూడా పాత టూత్‌బ్రష్‌తో తోమండి. గుర్రు చాలావరకు తగ్గుతుంది. తెల్లటి పెచ్చు కట్టి ఉంటే సగం వెనిగర్, సగం నీళ్లు కలిపి అరగంట నానబెట్టండి. ఆ తర్వాత ఘాటు పోయేదాకా కడగాలి, పిల్లులకు ఆ వాసన గిట్టదు.

ఫిల్టరును సాధారణంగా 2 నుంచి 4 వారాలకు మార్చాలి. కడిగినంత మాత్రాన అందులోని బొగ్గుకు పాత శక్తి రాదు. నీటిమట్టం పడిపోనివ్వకండి, నీళ్లు లేకుండా తిరిగితే మోటారు కాలిపోతుంది. తీగ మీద పంటి గాట్లు కనిపిస్తే వెంటనే వాడకం ఆపండి. ప్లాస్టిక్ తొట్టి గీతలు పడి ఉంటే స్టీలుదో పింగాణీదో తీసుకోవడం మేలు.

ఈలోగా పక్కన మామూలు గిన్నెలో నీళ్లు పెట్టండి. అవీ ముట్టకపోతే ఆలస్యం చేయకుండా పశువైద్యుడికి చూపించండి.