మూడు కీబోర్డులకు ఒకే అమరిక

పర్లాకిమిడి

చిరంజీవి చిన్నబ్బాయికి పెద్దమ్మ ఆశీస్సులు.

రాయగడలో ఇంట్లో 48 మీటల ప్లాంక్ కీబోర్డు, ఆఫీసులో 42 మీటల కార్న్, సంచిలో 34 మీటల ఫెరిస్ స్వీప్. ఏ మీట ఏం చేయాలో చెప్పే కీమ్యాప్ ఫైళ్లు మూడింటికీ మూడు రాసుకుని, ఒకదానిలో మార్చింది మిగతా రెండింటిలో మార్చడం మరిచిపోతున్నావు. అలాంటప్పుడు వేళ్లు తడబడక ఏం చేస్తాయి?

ముందు స్వీప్‌ను పట్టుకో. మూడింటిలోనూ తప్పకుండా ఉండేవి ఆ 34 మీటలే. వాటికే లేయర్లన్నీ (అవే మీటలకు వేరే పనులు అప్పగించే పొరలు) రాయి. కార్న్‌లో అంచు నిలువు వరుసలు, ప్లాంక్‌లో అదనపు మీటలు ఆ బోర్డుల సొంతం. ఉమ్మడి ఫైలుకు వాటి సంగతి తెలియనే కూడదు. చాలామంది పెద్ద బోర్డుతో మొదలుపెట్టి చిన్నదానికి కత్తిరించబోతారు. అది ఎప్పటికీ కుదరదు.

ఈ బోర్డుల లోపల నడిచే ప్రోగ్రాము, అంటే ఫర్మ్‌వేర్, క్యూఎమ్‌కే. దాని కోడులో యూజర్స్ అనే ఫోల్డరు ఉంది. అందులో నీ పేరుతో ఒక ఫోల్డరు చేసి, ప్రతి బోర్డు కీమ్యాప్‌కూ అదే పేరు పెడితే ఉమ్మడి ఫైళ్లను అదే కలుపుకుంటుంది. అన్ని కీమ్యాప్‌లూ వాడుకునే హెడర్ ఫైలులో ఒక్కో చేతి ఒక్కో వరుసను, అంటే అయిదేసి మీటలను, ఒక మాక్రోగా (అన్నిటికీ కలిపి ఒకే పేరుగా) రాసుకో. బోర్డు కీమ్యాప్‌లో ఆ మాక్రోలను పేర్చి, పక్కన దాని సొంత మీటలు చేర్చు. ఇక్కడ కోడును చిప్పుకు అర్థమయ్యేలా మార్చే కంపైలరు మొండికేస్తుంది: మీటలు సరిపోలేదంటుంది. అయిదు మీటల మాక్రోను అది విప్పకముందే ఒకే మీటగా లెక్కపెట్టడమే కారణం. బోర్డు మీటలన్నిటినీ తీసుకునే లేఅవుట్ మాక్రోకు పైన ఎన్ని మీటలనైనా తీసుకునే మరో మాక్రో తొడిగితే, ముందు విప్పి తరువాత లెక్కపెడుతుంది. కోడులో ఒక్క పంక్తి పని.

ఓలెడ్ తెర, రంగు దీపాల వంటివి ఉమ్మడి ఫైలులో పెట్టకు. ఇలాంటి కీబోర్డుల్లో తరచూ పెట్టే మామూలు ప్రో మైక్రో పలక చిప్పులో, కొత్త ప్రోగ్రాము ఎక్కించే బూట్‌లోడరు పోగా మిగిలేది 28,672 బైట్లే. ఏ బోర్డు ఆడంబరం, ఏయే సదుపాయాలు కావాలో చెప్పే ఆ బోర్డు రూల్స్ ఫైలులోనే ఉండాలి. మీటలను తెర మీదే మార్చే వయా అనే ప్రోగ్రాము జోలికీ పోవద్దు. అందులో మార్చింది ఆ బోర్డు జ్ఞాపకంలోనే ఉండిపోతుంది, నీ ఫైలుకు చేరదు.

ఇక అసలు సంగతి. నువ్వు చూస్తున్న పాఠాలన్నీ ఇంగ్లీషు టైపు చేసేవాళ్లు రాసినవి. కీబోర్డు అక్షరాలను పంపదు, మీటల సంఖ్యలనే పంపుతుంది. అక్షరం చేసేది కంప్యూటర్. మన డీటీపీ కొట్టులో తెలుగు శుభలేఖ, ఒడియా కరపత్రం ఒకే చేత్తో కొట్టగలిగానంటే, భారతీయ లిపులకు ఉమ్మడి మీటల అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్ పుణ్యమే: రెండు లిపులకూ క ఒకే మీట మీద, పొల్లు ఒకే మీట మీద. కానీ ఆ అమరికలో డ, ట ఉండేది చతురస్ర బ్రాకెట్, కొటేషన్ మీటల మీద. స్వీప్‌లో ఆ రెండూ లేవు. ఎత్వం, ఒత్వం చూడు: మొదటిది జెడ్ మీద భద్రంగా ఉంది, రెండోది ఒకటి అంకెకు ఎడమనున్న మీటతోనే పోయింది. ఒడియాలో హ్రస్వ ఎ, ఒ లేవు కనుక అక్కడ ఆ లోటు తెలియదు. తెలుగు రాసేవాడికే తెలుస్తుంది.

మరో చిక్కు హోమ్ రో మాడ్‌లు, అంటే నొక్కి పట్టుకుంటే షిఫ్ట్, కంట్రోల్ వంటివి అయ్యే మధ్య వరుస మీటలు. జె, ఎఫ్ మీటలను నొక్కి పట్టుకుంటే షిఫ్ట్ అయ్యేలా పెట్టావు కదా? ఇన్‌స్క్రిప్ట్‌లో జె అంటే ర, ఎఫ్ అంటే గుడి. "రి" కొట్టేటప్పుడు ర మీద వేలు 200 మిల్లీసెకన్లు దాటి నిలిచి, ఈలోగా గుడి నొక్కావంటే తెర మీద "ఇ" పడుతుంది. ఇంగ్లీషులో జె ఎంత అరుదో, మనకు ర అంత తరచు.

అందుకని ఉమ్మడి ఫైలులోనే తెలుగు, ఒడియాలకు కలిపి ఒక లేయరు పెట్టు. అందులో హోమ్ రో మాడ్‌లు వద్దు, షిఫ్ట్ బొటనవేలి కింద ఉండాలి. డ కోసం ద, జ మీటలను, ట కోసం త, చ మీటలను కలిపి నొక్కే కాంబోలు చాలు. ఒత్వానికీ అలాంటిదే ఒకటి చూసుకో. "తచ్చాడు" అని వేగంగా కొట్టినప్పుడు మాత్రం జాగ్రత్త, త, చ కలిసి ట పడవచ్చు. ఈ కాంబోలు ఈ లేయరులోనే పనిచేయాలి. ద, జ మీటలంటే ఇంగ్లీషులో ఓ, పి; అక్కడ ఆ జంట తరచూ వస్తుంది.

లేయరును, విండోస్‌లో భాషను ఒకే మీటతో మార్చాలని నీకు తప్పక అనిపిస్తుంది. వద్దు. కంప్యూటర్ ఏ భాషలో ఉందో కీబోర్డుకు దానంతట అది తెలియదు. ఒక్కసారి మౌసుతో భాష మార్చావంటే అప్పటి నుంచి రెండూ ఎడమొహం పెడమొహమే. రెండు మీటలు వేరుగానే ఉంచు.

ఫైళ్లను క్యూఎమ్‌కే ప్రధాన కోడులో కలపక, ఎక్స్‌టర్నల్ యూజర్‌స్పేస్‌గా, అంటే దాని బయట, నీ సొంత గిట్ రిపాజిటరీలో (మార్పుల చరిత్ర దాచే ఫోల్డరులో) పెట్టుకో. అందులోని బోర్డుల జాబితాలో ఈ మూడూ చేర్చితే ఒకే ఆదేశంతో మూడింటికీ ఫర్మ్‌వేర్ తయారవుతుంది. ముందు స్వీప్‌లోకి ఎక్కించి ఓ వారం తెలుగు, ఒడియా రెండూ కొట్టి చూసి, ఆ హెడర్ ఫైలు నాకు పంపు. ప్లాంక్ సంగతి ఆ తరువాత చూద్దాం.

మీ పెద్దమ్మ